వీరేశలింగం గారింట్లో నీళ్ళ బిందె

మొన్న మా డిగ్రీ పిల్లల్ని రాజమండ్రిలో వీరేశలింగం గారింటికి తీసుకెళ్ళానని తెలిసి మనవాళ్ళే కొందరు ఫోన్ చేశారు. "ఏం సార్, బాపనాయన గడపకి మన పిల్లల చేత దండం పెట్టించారా?" అని. దండం పెట్టించలేదు. ఆ ఇంటిని చదివించాను.

రావులపాలెం నుంచి ఎంతో దూరం కాదు. అరటి గెలల లారీల వెనకాలే గౌతమి వంతెన ఎక్కి, జొన్నాడ దాటితే గంటలో రాజమండ్రి. అయినా సగం మంది పిల్లలు ఆ ఇల్లు ఎప్పుడూ చూడలేదు. 1878లో 'రాజశేఖర చరిత్రము' రాసిన మనిషి ఇల్లు. 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించిన ఇల్లు. ఇప్పుడు పురావస్తు శాఖ కాపాడుతోంది. కాపాడాల్సిందే. అందులో నాకు పేచీ లేదు.

నా పేచీ అక్కడ అందరూ చెప్పే ఒక కథతో. ఆ పెళ్ళి రోజుల్లో ఊరు ఆయన్ని వెలేసింది. పురోహితులు రామన్నారు, వంటవాళ్ళు మానేశారు, నీళ్ళు తెచ్చేవాళ్ళు కూడా మానేశారు. అప్పుడు రాజ్యలక్ష్మమ్మ గారు తనే గోదారికి వెళ్ళి నీళ్ళు మోసుకొచ్చి వంట చేశారు. ఆవిడ గుండె ధైర్యానికి నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ అక్కడ ఒక్క క్షణం ఆగండి. నీళ్ళు మానేసిన వాళ్ళెవరు? ఆ ఇంట్లో బిందె ముట్టుకోవచ్చని ఒప్పుకున్న కులాల వాళ్ళు. మాలలు కాదు, మాదిగలు కాదు. మన చెయ్యి తగిలితే ఆ నీళ్ళే పనికిరావు కదా! అంటే ఆ బహిష్కారంలో పాలుపంచుకోవడానికి కూడా మనకి చోటు లేదు. ఒక పెళ్ళి కోసం ఆ ఇల్లు చవిచూసిన వెలి చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కింది. పుట్టుక నుంచి చావు దాకా నడిచిన వెలికి మాత్రం ఊరి చివర ఒక పేట పేరు మిగిలింది.

వీరేశలింగం గారు తన బడిలో మన పిల్లల్ని చేర్చుకున్నారు, పలకా బలపం కొనిచ్చారు. ఆ మాట చెప్పకుండా దాటేస్తే మనం అబద్ధం ఆడినట్టే. ఆయన మంచితనం గురించి కాదు నా గొడవ. ఆ ఇంటి కథ మనకి ఆయన స్వీయచరిత్ర నుంచి వచ్చింది. నీళ్ళు మోసేవాళ్ళెవరూ స్వీయచరిత్ర రాయలేదు.

ఇది మన ఒక్క ఊరి సంగతే కాదు. రష్యాలో టాల్‌స్టాయ్ పుట్టిన పల్లె యాస్నయా పొల్యానా. ఆయన అక్కడ జమీందారు. 1921 నుంచి ఆ ఎస్టేటు మ్యూజియం. ఆయన పుస్తకాలు, రాసుకున్న బల్ల, గదులు, అన్నీ భద్రం. తోటలో శిలువ కూడా లేని మట్టి సమాధి. అది చూసి కరిగిపోని సాహిత్యకారుడు ఉండడు, మన తెలుగు వాళ్ళతో సహా. నిజంగా గొప్ప మనిషే. రైతు పిల్లలకి 1859లో తన దగ్గరే బడి పెట్టాడు. అంతకు మూడేళ్ళ ముందు, అర్ధబానిసలుగా ఉన్న తన రైతుల్ని విడుదల చేస్తానని కూర్చోబెట్టి మాట్లాడితే వాళ్ళు నమ్మలేదు. దొర ఏదో మోసం చేస్తున్నాడనుకున్నారు. నాకు ఆ మొత్తం జీవితంలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం అదే. తరతరాలుగా తిన్న దెబ్బలు నేర్పిన తెలివి అది! అయితే ఆ అపనమ్మకం కూడా మనకి దొర రాసుకున్న కాగితాల్లోంచే తెలిసింది.

అదే 1921లో మన రాజమండ్రి బిడ్డ కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' రాశాడు. తెల్లదొరలు వద్దని దేశమంతా పాడుతున్నప్పుడు నల్లదొరలు మాత్రం ఎందుకని నిలదీశాడు. అప్పటికి వీరేశలింగం గారు పోయి రెండేళ్ళు. ఒకే ఊరు, దాదాపు ఒకే కాలం. వీరేశలింగం గారి ఇల్లెక్కడని అడిగితే రిక్షా అతను తీసుకెళ్ళి దింపుతాడు. ధర్మన్న ఇల్లెక్కడని అడిగి చూడండి. తెలుగు ఎమ్మేలు చేసినవాళ్ళనే అడగండి.

ఇంక బిందె సంగతి. 1985 జూలైలో కారంచేడులో మనవాళ్ళు తాగే చెరువు దగ్గర గేదెలు కడుగుతుంటే అడ్డం చెప్పినందుకు కొట్టబోతే, మున్నంగి సువార్త తన బిందె అడ్డం ఎత్తింది. మర్నాడు పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. తెలుగు నేల మీద దళిత ఉద్యమాన్ని కొత్తగా లేపిన బిందె అది. దాన్ని ఏ శాఖ, ఏ అద్దాల బీరువాలో పెట్టింది?

ఇళ్ళు కాపాడటం గురించి మాట్లాడే హక్కు మా జిల్లాకి మరీ ఎక్కువ. జిల్లాకి అంబేడ్కర్ పేరు వద్దంటూ 2022 మే 24న అమలాపురంలో దళిత మంత్రి ఇంటికే నిప్పు పెట్టారు. మంత్రి ఇల్లే మిగల్లేదు, మన కూలితల్లి గుడిసె ఎవడు మిగులుస్తాడు?

అందుకని పిల్లలకి ఒక పని చెప్పాను. మీ నాయనమ్మ, అమ్మమ్మ నీళ్ళు ఎక్కడ తెచ్చుకునేవాళ్ళో, ఎవరు తెచ్చుకోనిచ్చేవాళ్ళో అడిగి రాసుకురండి అని. అన్ని కులాల పిల్లలూ రాయాలి. కొందరు ఒక్క వాక్యం రాసి ఊరుకున్నారు: ఇంట్లోనే బావి ఉంది. పేట నుంచి వచ్చే అమ్మాయి మాత్రం నాలుగు పేజీలు రాసింది, కాలవ బొమ్మ కూడా గీసింది. ధవళేశ్వరం నుంచి వచ్చే నీరు ఎటు నుంచి ఎటు పారుతుందో బాణం గుర్తు పెట్టింది. పైన ఊరి రేవు. దాని కింద గేదెల రేవు. ఆ కింద వాళ్ళ నాయనమ్మ బిందె ముంచిన రేవు.