నాణెం చెప్పే కథ: హాలీ రూపాయి

పిల్లలూ! మీ ఇంట్లో పాత సందుగ ఉందా? దాని అడుగున నల్లబడిన వెండి రూపాయి దొరికితే, దాని మీద ఉర్దూ అక్షరాల వంటివి కనబడితే, అది హాలీ సిక్కా కావచ్చు. మన మంచిర్యాల ఒకప్పుడు హైదరాబాదు సంస్థానంలో ఉండేది గదా! ఆ సంస్థానపు నాణెమే హాలీ. హాలీ అంటే “ఇప్పుడు చెల్లేది” అని అర్థం.

19వ శతాబ్దంలో చాలాకాలం దీన్ని చేత్తోనే తయారుచేశారు. రెండు అచ్చుల మధ్య వెండిబిళ్ల పెట్టి సుత్తితో కొట్టేవారు. అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది. అందుకని అక్షరాలన్నీ ఒకే నాణెం మీద పడేవి కావు. ఒకదాని మీద సంవత్సరం పడితే, మరొకదాని మీద ఊరి పేరు పడేది.

1857 తిరుగుబాటు అణగిపోయాక ఈ నాణేల మీద మొగలు చక్రవర్తి పేరు తీసేసి, అసఫ్ జా పేరు వేశారు. దాని దగ్గరే 92 అనే అంకె ఉంటుంది. అది సంవత్సరం కాదు! అరబ్బీలో ప్రతి అక్షరానికీ ఒక విలువ ఉంది. “ముహమ్మద్” అనే పేరులోని అక్షరాల విలువలు 40, 8, 40, 4. కూడి చూడండి.

సంవత్సరం కూడా హిజ్రీలో ఉంటుంది. 1300 అని ఉంటే అది మన లెక్కలో 1882–83 అన్నమాట.

నాణెం మీది సంవత్సరాన్ని ఒక్కొక్కప్పుడు నమ్మడానికి లేదు. అమెరికాలో 1804 అని వేసిన వెండి డాలరు ఒకటుంది. దాన్ని 1804లో చెయ్యనేలేదు! మస్కట్ సుల్తానుకూ సయాం రాజుకూ కానుకలివ్వడానికని 1834లో మొదలుపెట్టి కొన్నిటిని మాత్రం చేశారు. 2021లో అటువంటి డాలరు ఒకటి 76 లక్షల 80 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. పాతదైనందుకు కాదు, అరుదైనందుకు ఆ ధర!

20వ శతాబ్దం మొదట్లో చార్మినార్ బొమ్మతో యంత్రపు హాలీ వచ్చింది. బ్రిటిషు రూపాయిని మాత్రం మనవాళ్లు “కల్దారు” అనేవారు. 7 హాలీలకు 6 కల్దార్లు మారకం. ఎందుకో తెలుసా? తొలినాటి చార్మినార్ రూపాయిలో వెండి సుమారు 9.1 గ్రాములు, కల్దారులో సుమారు 10.7 గ్రాములు. హెచ్చవేసి చూడండి. రెండువైపులా వెండి దాదాపు 64 గ్రాములే!

1951లో హాలీని విడుదల చెయ్యడం ఆపేశారు. 1959లో అది చెల్లకుండా పోయింది. “ఇప్పుడు చెల్లేది” అనే పేరు మాత్రం మిగిలింది.

కనుక మీకు అటువంటి నాణెం దొరికితే చింతపండుతో తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. పట్టీలకని కరిగించనివ్వకండి. కరిగిస్తే వెండి మిగులుతుంది గాని, కథ మిగలదు.

ఈ నెల లెక్క: మంచిర్యాల వర్తకుడు 91 హాలీలు తీసుకుని చాందా సంతకు బయలుదేరాడు. అక్కడ కల్దార్లే చెల్లుతాయి. ఆయనకు ఎన్ని వస్తాయి?

(జవాబు: 78)