సీసీఎన్ఏ ఉంది సరే... తీగ ఎక్కడ తెగింది?

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర దిగి నాలుగడుగులు వేస్తే చాలు, ఎవరో ఒకరు చేతిలో కరపత్రం పెడతారు. జావా, పైథాన్, క్లౌడ్, డేటా సైన్స్... వాటి కింద ఎక్కడో ఓ మూల సీసీఎన్ఏ. ఆ మూలను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బీటెక్‌లో రెండు సబ్జెక్టులు మిగిలిపోయినవాళ్లు, బీకాం కంప్యూటర్స్ చేసినవాళ్లు, కోడింగ్ అంటే ఎందుకో పడనివాళ్లు. ఊళ్లో నాన్న అడిగేది ఒకటే మాట: 'ఇది చేస్తే ఉద్యోగం వస్తుందట్రా?' ఇన్‌స్టిట్యూట్ కౌంటర్లో కూర్చున్నాయన 'గ్యారంటీ అండీ' అంటాడు. పదిహేనేళ్లుగా రూటర్లతో కుస్తీ పడుతున్న ఇంజినీర్ని అడిగితే 'సర్టిఫికెట్‌దేముందండీ, గోడకు తగిలించుకోవడానికి' అని నవ్వేస్తాడు. ఇద్దరూ పూర్తి నిజం చెప్పడం లేదు. మొదటాయనకు ఫీజు కావాలి. రెండో ఆయన బహుశా ఆ కాగితం చూపించే ఒకప్పుడు లోపలికి వెళ్లి ఉంటాడు.

ఈ తగవు ఇవాళ్టిది కాదు. నోవెల్ కంపెనీ నెట్‌వేర్ రాజ్యమేలిన రోజుల్లో సీఎన్ఈ అనే సర్టిఫికెట్‌కు గిరాకీ. తర్వాత మైక్రోసాఫ్ట్ వారి ఎంసీఎస్ఈ వచ్చింది. పుస్తకం బట్టీపట్టి పాసై, తీరా సర్వర్ ముందు కూర్చోబెడితే నీళ్లు నమిలేవాళ్లకు అమెరికాలో 'పేపర్ ఎంసీఎస్ఈ' అని పేరు పెట్టారు. 2021 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఆ పరీక్షలకే స్వస్తి చెప్పింది. వెక్కిరింత మాత్రం మిగిలింది.

బట్టీకి విరుగుడు లేకపోలేదు. సిస్కో 1993లో సీసీఐఈ పెట్టినప్పుడు అభ్యర్థి చేత నిజం రూటర్ల మీద పని చేయించింది. మొదట్లో అది రెండు రోజుల పరీక్ష. నెట్‌వర్క్ కట్టడం ఒక ఎత్తు, పరీక్షాధికారి దాన్ని చాటుగా చెడగొట్టి పెడితే ఎక్కడ చెడిందో కనిపెట్టి బాగుచేయడం మరో ఎత్తు. 2001లో దాన్ని ఒక్కరోజుకు, ఎనిమిది గంటలకు కుదించారు. సీసీఐఈ నంబర్లు 1024తో మొదలవుతాయి. ఆ తొలి నంబరు ఏ మనిషికీ దక్కలేదు, పరీక్ష జరిగే ల్యాబ్‌కే ఇచ్చారు! ల్యాబ్ ఒక్కసారి రాయడానికే వెయ్యిన్నర డాలర్లు దాటుతుంది కాబట్టి అదృష్టాన్ని నమ్ముకుని వెళ్లేవాళ్లు తక్కువ.

1998లో మొదలైన సీసీఎన్ఏ మాత్రం తొలిమెట్టు. కంప్యూటర్ ముందు కూర్చుని జవాబులు గుర్తించడమే ఎక్కువ. అందుకే డంప్స్ వ్యాపారం పుట్టింది. పరీక్ష రాసివచ్చినవాళ్లు గుర్తుంచుకున్నవో, దొంగిలించినవో అసలు ప్రశ్నలనే జవాబులతో సహా అమ్మేయడమన్నమాట. ఇది ఒట్టి చిలిపితనం కాదు. మైక్రోసాఫ్ట్ పరీక్షల ప్రశ్నలు వెబ్‌సైట్లో పెట్టి అమ్మినందుకు అమెరికాలో ఒకాయన 2002లో వ్యాపార రహస్యాల చోరీ కింద నేరం ఒప్పుకోవాల్సి వచ్చింది. అయినా ఆ సరుకు తరగలేదు.

మరి డంప్స్ జోలికి పోకుండా నిజాయితీగా చదివినవాడికైనా అన్నీ తెలుస్తాయా అంటే, అక్కడే ఉంది చిక్కు. ఒక ఉదాహరణ చూడండి. ఆఫీసులో ఒక్కో విభాగానికి స్విచ్‌లో ఒక్కో గిరి గీస్తారు. దాన్నే వీలాన్ అంటారు. రెండు స్విచ్‌ల మధ్య వాటన్నిటినీ మోసే లింకు ట్రంక్. ఒక ట్రంక్ మీద 10, 20, 30 నంబర్ల వీలాన్లు నడుస్తున్నాయి, కొత్తగా 40 చేర్చాలి. కుర్రాడు పుస్తకంలో చదివిన 'స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీలాన్ 40' అనే ఆజ్ఞ కొడతాడు. అక్షరదోషం లేదు కాబట్టి స్విచ్ కిక్కురుమనదు. 40 వస్తుంది, 10, 20, 30 పోతాయి. అకౌంట్స్, స్టోర్స్, బల్లల మీది ఫోన్లు అన్నీ ఒకేసారి మూగబోతాయి. నంబరుకు ముందు 'యాడ్' అనే చిన్న మాట ఉండాలి. పుస్తకంలో ఆ మాట ఉండకపోదు. కానీ ఒక్కసారి దాన్ని మరిచిపోయి మేనేజరు దగ్గర చీవాట్లు తిన్నవాడు జన్మలో మళ్లీ మరవడు.

ఇంకొకటి. ఎక్కడో జిల్లా కేంద్రంలోని బ్రాంచి రూటర్‌ను హైదరాబాద్‌లో కూర్చుని సరిచేయాలి. చేయి తిరిగినవాడు ముందు 'రీలోడ్ ఇన్ 10' అని కొడతాడు. పది నిమిషాల్లో నీ అంతట నువ్వే ఆగి మళ్లీ మొదలవ్వమని రూటర్‌కు ముందే చెప్పిపెట్టడం అది. మార్పు వికటించి తన దారే తెగిపోయిందనుకోండి, పది నిమిషాలు ఓపిక పడితే రూటర్ మళ్లీ లేచి, సేవ్ చేసిన పాత అమరికతో పలుకుతుంది. అంతా సవ్యంగా ఉంటే 'రీలోడ్ క్యాన్సిల్' కొట్టి, సేవ్ చేసి టీ తాగడానికి వెళ్లొచ్చు. ఈ జాగ్రత్త తెలియనివాడు అర్ధరాత్రి బండి వేసుకుని ఆ ఊరికి బయల్దేరాల్సిందే.

అనుభవం గొప్పదే, కాదనేదెవరు? అయితే దానికీ ఓ గుడ్డితనం ఉంది. 2002 నవంబరులో బోస్టన్ నగరంలోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆస్పత్రిలో నెట్‌వర్క్ నాలుగు రోజుల పాటు కుప్పకూలింది. డాక్టర్లు మందుల చీటీలు చేత్తో రాశారు, ల్యాబ్ రిపోర్టులు మనుషులు పట్టుకుని పరిగెత్తారు. కారణం వింటే ఆశ్చర్యం వేస్తుంది. స్విచ్‌ల మధ్య సమాచారం గిరగిరా తిరుగుతూ సుడిలో పడకుండా కాపాడే ఏర్పాటు ఒకటుంది, పేరు స్పానింగ్ ట్రీ. ఆ మూల నుంచి ఈ మూలకు ఏడు స్విచ్‌లకు మించకూడదనే లెక్క మీద దాన్ని తయారుచేశారు. ఆస్పత్రి ఏళ్ల తరబడి పెరిగింది, వేరే ఆస్పత్రులు వచ్చి కలిశాయి. అవసరమైన చోటల్లా స్విచ్ తగిలించుకుంటూ పోయారు. ఏడు దాటిన సంగతి ఎవరూ పట్టించుకోలేదు. పరిశోధకుడొకరి ప్రోగ్రామ్ ఒక్కసారిగా బోలెడంత డేటా వదిలేసరికి సుడి మొదలైంది. ఆ ఏడు లెక్క పాఠ్యపుస్తకంలో ఉన్నదే. అప్పటి ఐటీ అధిపతి జాన్ హలామ్కా జరిగిందేమిటో దాచకుండా తర్వాత అందరికీ చెప్పారు. ఒక్క మనిషికి తెలిసినదాని మీద నెట్‌వర్క్ మొత్తం ఆధారపడకూడదన్నది ఆయన నేర్చుకున్న పాఠాల్లో ఒకటి. రోజూ నడుస్తోంది కదా అని నమ్మినవాడికి, అది ఎందుకు నడుస్తోందో తెలియాలన్న పట్టింపు ఉండదు. పరీక్ష కోసమైనా పుస్తకం తెరిస్తే ఆ ప్రశ్న ఎదురవుతుంది.

ఇక మన దగ్గర అనుభవం కూడా అమ్మకానికి వచ్చేసింది. ఫ్రెషర్‌కు మూడేళ్ల అనుభవం ఉన్నట్టు లేఖలు, జీతం స్లిప్పులు తయారుచేసి ఇచ్చే కన్సల్టెన్సీల సంగతి తెలియనివారుండరు. సర్టిఫికెట్‌కు డంప్స్, అనుభవానికి దొంగ లేఖ! 2014లో పీఎఫ్‌కు యూఏఎన్ నంబరు వచ్చాక ఏ కంపెనీ ఎన్నాళ్లు పీఎఫ్ కట్టిందో ఇట్టే తేలిపోతోంది. చేరిన కొన్నాళ్లకు తనిఖీలో దొరికిపోయి బయటికొచ్చిన కుర్రాడికి మొదట అడిగిన రెండు లక్షలూ పోతాయి, పేరూ పోతుంది. లేఖ అమ్మినాయన బోర్డు మార్చుకుంటాడు, అంతే.

వీళ్లందరికీ దూరంగా మరో కుర్రాడున్నాడు. మండల కేంద్రంలో కేబుల్ ఆపరేటర్ దగ్గర ఫైబర్ అతుకులు వేసేవాడు. పవర్ మీటరు పెట్టి చూసి, మైనస్ 20 దగ్గరుంటే నిశ్చింతగా నిచ్చెన దిగుతాడు. మైనస్ 27 దాటితే ఆ ఇంటి నుంచి మళ్లీ ఫోన్ వస్తుందని అతనికి తెలుసు. వానలో, ఎండలో, కోతులు తీగ తెంపిన చోటల్లా నేర్చుకున్న విద్య అది. తెగింది ఎక్కడో స్తంభం చూసి చెప్పగలడు. సబ్‌నెట్ అంటే మాత్రం తెల్లమొహం వేస్తాడు. అతని దరఖాస్తును హైదరాబాద్‌లో ఏ హెచ్ఆర్ విభాగమూ మనిషి కంటితో చూడదు. సీసీఎన్ఏ అన్న మాట అందులో లేకపోతే కంప్యూటరే పక్కన పడేస్తుంది. అమీర్‌పేటకు నిజంగా రావాల్సినవాడు ఇతనే. అతని చేతికి తెలిసినదానికి పేర్లు తెలుస్తాయి, తెలియనిది ఎంత ఉందో కూడా తెలుస్తుంది. సుమారు 300 డాలర్ల పరీక్ష ఫీజు అతని జీతానికి మోయలేని బరువే. కానీ డంప్స్ కొనుక్కున్నవాడికంటే అతనికే అది ఎక్కువ గిట్టుబాటు.

కంపెనీలు సర్టిఫికెట్ అడగడంలో మరో లెక్క కూడా ఉంది. సిస్కోకు గోల్డ్ పార్ట్‌నర్ కావాలంటే సిబ్బందిలో నలుగురు సీసీఐఈలు ఉండాలని చాలాకాలం నిబంధన ఉండేది. టెండర్లలోనూ ఇలాంటి షరతులు మామూలే. అంటే ఆ కాగితం ఉద్యోగికే కాదు, యజమానికీ సరుకే. పైగా దానికి మూడేళ్లే గడువు.

అనుభవం లేనివాడు దాన్ని ఎక్కడ తెచ్చుకోవాలి? సిస్కో వారి ప్యాకెట్ ట్రేసర్ ఉచితంగానే దొరుకుతుంది. చాలామంది దానిలో అంతా పనిచేసేలా కట్టి, పచ్చ చుక్కలు చూసుకుని మురిసి మూసేస్తారు. చెడగొట్టి చూసేవాళ్లు తక్కువ. కాస్త ఖర్చుపెట్టగలిగితే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల పాత స్విచ్‌లు రెండు బేరమాడొచ్చు. వాటి మధ్య ఒకటికి రెండు తీగలు కలిపి, స్పానింగ్ ట్రీ ఆపేసి, ఒక కంప్యూటర్ తగిలిస్తే చాలు. ముందు భాగంలో లైట్లన్నీ ఒక్కసారిగా పూనకం వచ్చినట్టు ఊగిపోతాయి. బోస్టన్‌లో డాక్టర్ల చేత నాలుగు రోజులు కాగితాలు మోయించిన సుడి అదే. ఈ ప్రయోగం చేసేటప్పుడు ఇంట్లోవాళ్లు వాడే నెట్ తీగను మాత్రం ముందుగా ఊడదీయాలి.