వేపచెట్టు నీడ, సోలార్ పలకలు

మొన్న పుష్యమాసంలో మా సంఘం కార్యాలయానికి ఇద్దరు సభ్యులు ఒకే రోజున, ఒకే చెట్టును గురించి వచ్చినారు. చెట్టు కొట్టించమని ఒకరు, కొట్టనీయవద్దని మరొకరు. ఇద్దరూ వరుసకు అన్నదమ్ములే. షోలాపురంలో మన మగ్గాల వీథులు ఎరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు. గోడకు గోడ ఇండ్లు, ఒకరింట నాడె ఆడితే పక్కింట వినబడుతుంది. తమ్ముడు గత వైశాఖంలో సంఘం పొదుపు నిధి నుండి అప్పు తీసికొని మిద్దెమీద రెండు కిలోవాట్ల సోలార్ పలకలు వేయించుకొన్నాడు. వేసవిలో రోజుకు ఎనిమిది యూనిట్లు చూపిన మీటరు, కార్తికం వచ్చేసరికి అయిదు కూడా చూపడం మానివేసినది. మొదట మీటరును అనుమానించినాడు, తరువాత ఇన్వర్టరును. పలకలు వేసినవారిని పిలిస్తే వారు ఒక్కసారి తలెత్తి చూచి, "చెట్టు అడ్డం, కొట్టించండి" అని చెప్పి దిగిపోయినారు.

ఆ వేపచెట్టు అన్న దొడ్డిలో ఉన్నది. "తమ్మీ, నీ పలకలకు ఏడాది నిండలేదు. ఈ చెట్టు మా నాయన నాటినది" అని అన్న. "నిజమే అన్నా, కాని నీ చెట్టు నీడకు నేను నెలనెలా కిస్తు కట్టవలెనా?" అని తమ్ముడు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉన్నది. నేను మాత్రం ఆ రోజున ఇద్దరి ముఖం చూడలేకపోయినాను. అప్పు కాగితంమీద సంతకం చేసినవాడను నేను. ఆ మిద్దె ఎక్కి చూడనివాడను కూడా నేనే.

ఈ తగవు ఒక్క ఇంటిది కాదు. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం పెట్టిన తరువాత మన వాడలలో మిద్దెలమీద పలకలు లేస్తున్నవి. ఆ పథకం క్రింద రెండు కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30,000 రూపాయలు, మూడు గాని అంతకు మించి గాని అయితే మొత్తం 78,000 రూపాయలు సబ్సిడీ. మంచిదే. కాని సబ్సిడీ లెక్క ఇంటింటికీ చేరినది గాని, నీడ లెక్క ఎవరూ చెప్పడంలేదు. మన వీథులలో ఇండ్లు పొట్టివి, చెట్లు పొడుగువి. అందుచేత ఈ లెక్క మనకు మరీ అవసరం.

పలకలు అమ్మేవారు సాధారణంగా ఎప్పుడు వస్తారు? కరెంటు బిల్లు పెరిగే వేసవిలో, పట్టపగలు. అప్పుడు మిద్దెమీద నిలబడి చూస్తే నీడ ఎక్కడిది? షోలాపురానికి మే రెండవ వారంలోనూ, ఆగస్టు ఆరంభంలోనూ సూర్యుడు సరిగా నడినెత్తికి వస్తాడు. ఆ నడుమ దినాలలో కొంచెం ఉత్తరానికే జరుగుతాడు. చెట్టు నీడ చెట్టు మొదట్లోనే ముడుచుకొని ఉంటుంది. డిసెంబరు వచ్చేసరికి సూర్యుడు బాగా దక్షిణానికి ఒరిగి, నీడలు ఉత్తరంగా సాగుతవి. ఆ నెల మూడవ వారంలో మా ఊళ్లో, పలక మట్టానికి పది అడుగులు పైకి ఉన్న కొమ్మ మధ్యాహ్నం తొమ్మిది అడుగులకు కొంచెం తక్కువగా నీడ వేస్తుంది. గడియారం తొమ్మిది కొట్టే వేళకు అదే కొమ్మ నీడ ఇరవై అడుగులు దాటుతుంది. మూడింటికి సుమారు పదిహేను. (ఉదయానికీ సాయంత్రానికీ ఈ తేడా ఎందుకంటే, మా ఊళ్లో సూర్యుడు మిట్టకు వచ్చేది పన్నెండింటికి కాదు, దరిదాపు పన్నెండున్నరకు.) బరంపురంలోని మనవారికి మధ్యాహ్నపు నీడ ఇంకొక అరడుగు ఎక్కువ. కాంచీపురంలో ఉన్నవారికి ఏడు అడుగుల చిల్లర. యానాంవారి లెక్క దాదాపు మాదే.

మా తమ్ముడిగారి మిద్దెకు వేపచెట్టు ఆగ్నేయంగా ఉన్నది. చెట్టు ముప్పై అడుగులు. పలకల మట్టానికి పైన పద్ధెనిమిది అడుగులు అనుకొందాము. మే నెల ఉదయం సూర్యుడు తూర్పున, కొంచెం ఉత్తరంగా ఉంటాడు గనుక నీడ పడమరగా, మిద్దెను తప్పించుకొని పోయినది. డిసెంబరు ఉదయం సూర్యుడు సరిగా ఆ చెట్టు వెనుకనే నిలిచినాడు. నీడ ముప్పై ఎనిమిది అడుగులు వాయవ్యంగా సాగి మిద్దెను కమ్మివేసినది. తొమ్మిది మొదలు పదకొండున్నర దాకా పలకలు నీడలోనే. ఇందులో చెట్టు చేసిన తప్పేమున్నది? మేలో చూచి డిసెంబరుకు స్థలం నిర్ణయించినది మనము.

"పలకలమీద నాలుగవవంతే గదా నీడ, సగానికి సగం ఎందుకు పడిపోవలె?" అని చాలామంది అడుగుతారు. ఇది మగ్గం ఎరిగినవారికి తేలికగానే తెలుస్తుంది. పడుగులో ఒక పోగు తెగితే ఆ ఒక్క పోగే పోతుంది, తక్కినవి నడుస్తవి. సోలార్ పలకలోని బిళ్ళలు పడుగు పోగులవంటివి కావు. అవి కండెమీది పేక నూలువంటివి, ఒకదాని వెనుక ఒకటిగా ఒకే పోగు. ఆ పోగు ఎక్కడ సన్నబడితే అక్కడే పట్టు చిక్కుతుంది. నీడలో ఉన్న బిళ్ళ తన వెంట ఉన్న ఎండ బిళ్ళలను కూడా వెనుకకు లాగుతుంది. అందుకని తయారు చేసేవారు ఒక్కొక్క పలకను సాధారణంగా మూడు భాగాలు చేసి, ఒక భాగం మందగిస్తే దానిని తప్పించి కరెంటు పక్కనుండి పోయేటట్లు చిన్న డయోడులు పెడతారు. అనగా ఒక కొమ్మ నీడ రెండు మూడు బిళ్ళలమీద పడినా, పలకలో మూడవవంతు పనికిరాకుండా పోవచ్చును. ఆకుల సందులనుండి ఎండ చుక్కలు చుక్కలుగా పడే నీడయితే మూడు భాగాలలోనూ ఏదో ఒక బిళ్ళ చీకటిలో ఉంటుంది. అప్పుడు పలక మొత్తం నీరసిస్తుంది. వేపచెట్టు నీడ సరిగా ఇటువంటిది.

ఇప్పుడు వచ్చే పలకలలో చాలావరకు బిళ్ళలను సగానికి కోసి, పై సగం ఒక జట్టు, క్రింది సగం ఒక జట్టుగా కలిపినవి. వీటిని నిలువుగా పెట్టిస్తే, పిట్టగోడ నీడ క్రింది అంచున పడినప్పుడు క్రింది సగమే పోతుంది, పై సగం పనిచేస్తుంది. అడ్డంగా పెట్టిస్తే అదే నీడ రెండు జట్లనూ తగులుతుంది. ఈ ఒక్క సంగతి వేయించుకొనేటప్పుడు అడిగితే చాలు, ఖర్చు లేని లాభం.

పలక పలకకూ వేరుగా చిన్న ఇన్వర్టరు పెట్టే పద్ధతి కూడా ఉన్నది. ఒక పలక నీడలో పడినా తక్కినవాటిని చెరుపదు. ధర ఎక్కువ. అమ్మేవారు దీనిని నీడకు మందు అన్నట్లు చెబుతారు. నీడ పడిన పలకకు ఎండ తెచ్చే మందు ఏదీ లేదు. నాలుగు పలకలమీదా నీడ పడే మిద్దెకు ఆ అదనపు ఖర్చు వృథా.

ఇక చెట్టు సంగతి. మన కుర్రవారు కొందరు "చెట్టు నెలకు ఎన్ని యూనిట్లు ఇస్తుంది?" అని ఎగతాళిగా అడుగుతున్నారు. లెక్కే కావలెనంటే చెబుతాను. ఆ వేప క్రింద వీథిలో నాలుగు ఇండ్లవారు పడుగులు చాచి గంజి పెడతారు. ఎండ నేరుగా తగిలితే కుంచె తిరిగే లోపలనే గంజి బిరుసెక్కుతుంది, పోగు పోగుకు అంటుకొంటుంది. నూలుకు బలం తేమలో ఉన్నది. ఆరిపోయిన నూలు మగ్గంమీద అడుగడుగునా తెగుతుంది. గుంటమగ్గం గుంటలో ఎందుకున్నదో మన తాతలకు తెలుసు. ఏప్రిల్, మే నెలలలో షోలాపురం ఎండ నలభై డిగ్రీలు దాటినప్పుడు, ఆ చెట్టు నీడపడే మగ్గపుగదికీ, నీడలేని గదికీ తేడా నేను కూర్చొని చూచినవాడను. తెగిన పోగులు ముడివేసే పొద్దు కూలిలో ఎవరూ కట్టి ఇవ్వరు. పైగా చెట్టు కొట్టివేస్తే వేడెక్కే ఇంటికి ఇంకొక ఫ్యాను కావలె. పలకలకు కూడా వేడి గిట్టదు. 25 డిగ్రీలకు పైన పలక వేడెక్కే ప్రతి డిగ్రీకీ వాటి శక్తి నూటికి సుమారు 0.3 నుండి 0.4 వంతు తగ్గుతుంది.

చట్టం కూడా ఉన్నది. మహారాష్ట్రలో 1975 నాటి పట్టణ వృక్ష సంరక్షణ చట్టం ప్రకారం, తన దొడ్డిలోని చెట్టయినా కార్పొరేషన్ వృక్షాధికార సంస్థ అనుమతి లేనిదే కొట్టరాదు. కర్ణాటకలో 1976 నాటి చట్టం ఉన్నది. పెద్ద కొమ్మలు తీయించదలచినా ముందుగా అడిగి తీయించడమే క్షేమం.

మేమేమి చేసినామో చెబుతాను. ఒక ఆదివారం నేనూ, అన్నదమ్ములిద్దరూ సుద్దముక్కతో మిద్దె ఎక్కినాము. తొమ్మిదింటికి ఒకసారి, పన్నెండున్నరకు ఒకసారి, మూడింటికి ఒకసారి నీడ అంచున గీత గీసినాము. సాయంత్రానికి మిద్దెమీద ముగ్గువేసినట్లయినది. మూడు వేళలా ఎండ ఉన్న చోటు వాయవ్య మూలన రెండు పలకలకు పూర్తిగా, మరి రెండింటికి ముక్కాలుగా తేలినది. పలకలను అక్కడికి జరిపి, స్టాండు మూడు అడుగులు లేపించినాము. తొమ్మిదింటి నీడ లెక్కన మూడు అడుగుల ఎత్తు ఆరు అడుగుల నీడను తగ్గిస్తుంది. అయితే ఎత్తు పెరిగినకొలదీ గాలి పట్టు ఎక్కువ, స్లాబులోనికి బిగింపు గట్టిగా ఉండవలె. మిద్దెవైపు వంగిన రెండు కొమ్మలను అనుమతి తీసికొని తీయించినాము. చెట్టు తలలో నాలుగవవంతుకు మించి ఒకేసారి తీయరాదు. ఆ కొమ్మలు ఏడాది రెండేండ్లలో మళ్లీ చిగురుస్తవి గనుక ఇది ఒకసారితో తీరే ఖర్చు కాదు. ఇప్పుడు రోజుకు ఆరున్నర యూనిట్లు వస్తున్నవి. ఉదయం ఇంకా ఒక గంట నీడ ఉన్నది, దానిని వదలివేసినాము.

ఖర్చు ఎవరు పెట్టుకోవలె అన్నప్పుడు మళ్లీ మాట పెరిగినది. నా అభిప్రాయం నిష్కర్షగానే చెప్పినాను. చెట్టు ముందు, పలక వెనుక. వెనుక వచ్చినవాడే జరుపుకోవలె, కొమ్మ కూలి కూడా ఆయనే ఇచ్చుకోవలె. తమ్ముడికి అది నచ్చలేదు. మా వదినగారు (అన్నగారి భార్య) కొమ్మల కూలి తామే ఇచ్చినారు; అది ఆమె పెద్దరికం, దానిని అందరికీ నియమంగా పెట్టలేము. స్టాండు జరిపిన ఖర్చు తమ్ముడిదే అయినది.

ఇంకొక సంగతి మన సభ్యులు ఆలోచించవలసి ఉన్నది. రెండు ఫ్యానులు, నాలుగు దీపాలు, టీవీ, కండెలు చుట్టే చిన్న మోటారు ఉన్న ఇంటికి మూడు కిలోవాట్లు ఎందుకు? ఎండ బాగా తగిలే చోట ఒక కిలోవాటు నెలకు నూరు నుండి నూట ఇరవై యూనిట్లు ఇస్తుంది. దానికి కావలసినది సుమారు నూరు చదరపు అడుగులు. 78,000 చూచి మూడు కిలోవాట్లు వేయించి, అందులో సగం నీడలో పెట్టుకొన్నవారిని నేను ఎరుగుదును. నీడలేని చోటు ఎంత ఉన్నదో అంతే వేయించవలె. అసలు లేకపోతే వేయించనేకూడదు, ఎవరెన్ని చెప్పినా. నీళ్లట్యాంకి నీడ, పక్కింటి మూడవ అంతస్తు నీడ కూడా నీడలే. చెట్టునయితే కొట్టవచ్చుననుకొని దానినే అందరూ పట్టుకొంటారు. రాలిన ఆకు, కాకి రెట్ట ఒక బిళ్ళమీద నిలిచినా ఆ బిళ్ళ వేడెక్కి చెడుతుంది గనుక, చెట్టు దగ్గరివారు వారానికొకసారి తెల్లవారుజామున మామూలు నీళ్లతో కడగవలె. మధ్యాహ్నం కాలిన గాజుమీద నీళ్లు పోయరాదు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో నేను ఒక తీర్మానం పెట్టదలచినాను. సోలార్ పలకలకు సంఘం నుండి అప్పు కోరేవారు మిద్దె పటం ఒకటి దరఖాస్తుకు జతచేయవలె. నవంబరు, జనవరి నెలల నడుమ ఒక ఎండరోజున మూడు వేళలా గీసిన నీడ గీతలు అందులో ఉండవలె. సంఘం తరపున ఒకరు మిద్దె ఎక్కి చూచి సంతకం చేయవలె. వేసవిలో దరఖాస్తు పెట్టినవారు ఆ కాలం వరకు ఆగవలసి వస్తుంది. దీనిపై కొందరికి కోపం వస్తుందని ఎరుగుదును. ఆరు నెలలు ఆగినందుకు పోయేది కొన్ని బిల్లులు మాత్రమే. ఆ సమావేశానికి మా ఇద్దరు అన్నదమ్ములూ వస్తామన్నారు. తమ్ముడు తీర్మానాన్ని బలపరుస్తానన్నాడు, ఖర్చు నియమంమీద మాత్రం నాకు వ్యతిరేకంగా మాట్లాడతానని ముందే చెప్పినాడు.