సీసీ పెరిగితే పవర్ పెరుగుతుందా..? స్విఫ్ట్‌కి 80, అదే సైజు రేస్ కారుకి 140.. అసలు లెక్క ఇదీ!

మేడ్చల్, శామీర్‌పేట్: సాయంత్రం ఆరు దాటాక ఓఆర్ఆర్ మేడ్చల్ ఎగ్జిట్ దగ్గర ఏ టీ కొట్టు ముందు నిలబడినా ఒక ప్రశ్న వినిపిస్తుంది. కొత్త బండి ఆగిందంటే చాలు.. "అన్నా, గిది ఎన్ని సీసీ?" మైలేజ్, ధర అన్నీ ఆ తర్వాతే. సీసీ నంబర్ ఎంత పెద్దదైతే బండి అంత తోపు అని మన లెక్క.

కానీ రేసింగ్ ప్రపంచంలో ఈ లెక్క ఎప్పుడో తప్పింది. అక్కడ ఇంజిన్ సైజు సగం కథే. మిగతా సగం రూల్‌బుక్ రాస్తుంది. ఇంజిన్ ఎంత గాలి పీల్చాలి, ఎంత పెట్రోల్ తాగాలి, ఎన్ని ఆర్‌పీఎం తిరగాలి.. వీటిలో దేనికి తాళం వేస్తే ఆ కారు పవర్ అక్కడ ఆగుతుంది. ఈ మాట మేడ్చల్, శామీర్‌పేట్ కుర్రాళ్లకు ఎందుకంటే, ఒకవైపు ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీలు, ఇంకోవైపు ఖాళీ ఓఆర్ఆర్. వేగం మీద మోజున్న పిల్లలు ఈ రెండింట్లో ఎటు వెళ్తారన్నది చిన్న విషయం కాదు.

ముందు ఒక చిన్న పోలిక చూద్దాం.

మన రోడ్ల మీద తిరిగే కొత్త మారుతి స్విఫ్ట్ ఇంజిన్ 1,197 సీసీ. పవర్ దాదాపు 80 హార్స్‌పవర్. ఇప్పుడు హైదరాబాదీ రేసర్ అనిందిత్ రెడ్డి సంగతి. 2016, 2017లో వరుసగా రెండుసార్లు యూరో జేకే టైటిల్ కొట్టాడు. ఆ సిరీస్‌లో వాడిన ఫార్ములా బీఎండబ్ల్యూ కారులో ఉన్నది బీఎండబ్ల్యూ బైక్ ఇంజిన్, 1,171 సీసీ. అంటే స్విఫ్ట్ కంటే కాస్త చిన్నదే. కానీ పవర్ 140 హార్స్‌పవర్! పైగా కారు బరువు 500 కిలోల లోపే.

ఎలా..? ఇంజిన్ అంటే ఒక గాలి పంపు అనుకోండి. ఒక కిలో పెట్రోల్ సరిగ్గా కాలాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. అందుకే ఎంత గాలి లోపలికి వెళ్తే అంత పవర్. సీసీ అంటే ఇంజిన్ ఒక విడతలో ఎంత గాలి పీల్చగలదో చెప్పే కొలత మాత్రమే. నిమిషానికి ఎన్ని విడతలు పీలుస్తుందో అది చెప్పదు. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి పీలుస్తుంది. 1,200 సీసీ ఇంజిన్ 6,000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 3,600 లీటర్ల గాలి తీసుకుంటుంది. సగం సైజున్న 600 సీసీ ఇంజిన్‌ని 12,000 తిప్పితే..? అదే 3,600 లీటర్లు. సైజు సగం, గాలి సమానం.

మరి స్విఫ్ట్ ఇంజిన్‌ని కూడా అలాగే తిప్పొచ్చు కదా అంటే.. తిప్పొచ్చు, ఎన్నాళ్లు ఉంటుందన్నదే ప్రశ్న. రోడ్డు కారు ఇంజిన్ లక్షల కిలోమీటర్లు నడవాలి, సిటీ ట్రాఫిక్‌లో 20 కిలోమీటర్ల స్పీడులోనూ మొరాయించకూడదు, పొల్యూషన్ టెస్ట్ పాసవ్వాలి. రేస్ ఇంజిన్‌కి ఆ బాధలు లేవు. కొన్ని రేసులు కాగానే విప్పి, పార్టులు మార్చి మళ్లీ బిగిస్తారు. ఆ ఖర్చు మీ షోరూమ్ బిల్లులో ఉండదు కాబట్టే మీ కారుకి 80.

రూపాయి బిళ్లంత రంధ్రం

ఇక మన ఏరియా విషయానికి వద్దాం. మైసమ్మగూడ, కండ్లకోయ నుంచి మేడ్చల్ దాకా వరసగా ఇంజినీరింగ్ కాలేజీలే. శామీర్‌పేట్ దగ్గర బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్ ఉంది. మెకానికల్ చదివే పిల్లలు సొంతంగా రేస్ కారు తయారుచేసి పోటీపడేందుకు ఫార్ములా స్టూడెంట్ తరహా పోటీలున్నాయి. మన దేశంలో ఫార్ములా భారత్, సుప్రా ఎస్ఏఈ ఇండియా ఆ కోవలోవే.

వీటి రూల్‌బుక్‌లో ఇంజిన్ సైజు పరిమితి 710 సీసీ. వినగానే 'అబ్బో, పెద్ద ఇంజినే పెట్టుకోవచ్చు' అనిపిస్తుంది. కానీ పక్కనే ఇంకో రూల్ ఉంటుంది, అసలు ఆట దానిదే. ఇంజిన్‌లోకి వెళ్లే గాలి మొత్తం 20 మిల్లీమీటర్ల రంధ్రం గుండానే పోవాలి. అంటే ఇప్పటి రూపాయి బిళ్లంత! దీన్నే రెస్ట్రిక్టర్ అంటారు.

ఇంట్లో ఎంత పెద్ద మోటార్ పెట్టినా పైపు సన్నగా ఉంటే ట్యాంక్ నిండటానికి టైం పట్టినట్టే ఇదీ. ఒక దశ దాటాక ఆ రంధ్రంలో గాలి వేగం ధ్వని వేగాన్ని అందుకుంటుంది. అక్కడి నుంచి ఇంజిన్ ఎంత గట్టిగా లాగినా ఒక్క గ్రాము గాలి కూడా ఎక్కువ రాదు. అందుకే 600 సీసీ స్పోర్ట్స్ బైక్ ఇంజిన్ మామూలుగా 110 పైన హార్స్‌పవర్ ఇస్తే, ఈ రంధ్రం బిగించాక 80, 90 దగ్గర ఆగిపోతుంది. 710 సీసీ పెట్టినా పెద్ద తేడా ఉండదు. సీసీకి గేటు తెరిచి, గాలికి తాళం వేశారన్నమాట.

మన దేశంలో చాలా టీములు 373 సీసీ కేటీఎం 390 ఇంజిన్ వాడటానికి ధర, స్పేర్ పార్టులతో పాటు ఇదీ ఒక కారణం. దాని పవర్ 43 హార్స్‌పవర్ చుట్టూ ఉంటుంది. పెద్ద ఇంజిన్ల పవర్‌ని రెస్ట్రిక్టర్ ఎలాగూ కోసేస్తుంది కాబట్టి తేలికైన చిన్న ఇంజిన్ అంత వెనకబడిపోదు. కానీ దీనికో తలనొప్పి ఉంది. సింగిల్ సిలిండర్ గాలిని ఒకే ధారగా పీల్చదు. గబుక్కున ఒక గుటక వేసి, ఆగి, మళ్లీ గుటక వేస్తుంది. ఆ గుటక వేసే క్షణంలో 20 మిల్లీమీటర్ల రంధ్రం సరిపోదు. అందుకే రంధ్రానికీ ఇంజిన్‌కీ మధ్య ఒక డబ్బా పెడతారు, ప్లీనం అంటారు. ఇంటి మీద ఓవర్‌హెడ్ ట్యాంక్ లాంటిదే. సన్నగా వచ్చే గాలి అక్కడ నిల్వ ఉంటుంది, ఇంజిన్ అడిగినప్పుడు ఇస్తుంది. డబ్బా మరీ పెద్దదైతే యాక్సిలరేటర్ తొక్కాక స్పందన ఆలస్యం, మరీ చిన్నదైతే పవర్ పోతుంది. ఆ సైజు తేల్చుకోవడానికే టీములు నెలలు ఖర్చుపెడతాయి. నిజం చెప్పాలంటే, ఒక సెమిస్టర్ థర్మోడైనమిక్స్ క్లాసు కంటే ఈ డబ్బానే ఎక్కువ నేర్పిస్తుంది.

దొంగ గాలి పీలిస్తే..? తనిఖీ చాలా సింపుల్. ఇంజిన్ నడుస్తుండగా గాలి దారిని మూసేస్తారు. ఇంజిన్ ఆగిపోవాలి. ఆగలేదంటే ఎక్కడో ఇంకో కన్నం ఉన్నట్టే.

ఇది పిల్లల పోటీల్లో భయం మాత్రమే కాదు. 1995లో ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో టయోటా టీమ్ చేసింది ఇదే. కారు టర్బోకి 34 మిల్లీమీటర్ల రెస్ట్రిక్టర్ ఉండాలి. టయోటా కారులో బిగించినప్పుడు అది పక్కకు జరిగి అదనపు గాలి వెళ్లేది, విప్పి చూస్తే మాత్రం సరిగ్గా రూల్ ప్రకారం కనిపించేది! స్పెయిన్‌లోని కాటలూనియా ర్యాలీలో దొరికిపోయారు. ఆ సీజన్ పాయింట్లన్నీ పోయాయి, పైగా ఏడాది నిషేధం. సీసీ ఒక్కటి కూడా పెంచలేదు చూడండి, దొంగిలించింది గాలిని మాత్రమే.

ఒకటిన్నర లీటర్‌తో వెయ్యికి పైగా

ఫార్ములా వన్ చరిత్ర చూస్తే ఈ దోబూచులాట ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. హ్యుందాయ్ క్రెటాలో 1.5 లీటర్ల మామూలు పెట్రోల్ ఇంజిన్ 115 పీఎస్ ఇస్తుంది. 1980లలో బీఎండబ్ల్యూ కూడా ఫార్ములా వన్‌కి 1.5 లీటర్లదే, నాలుగు సిలిండర్లదే చేసింది. 1983లో నెల్సన్ పికే ఆ ఇంజిన్‌తోనే వరల్డ్ చాంపియన్ అయ్యాడు. 1986 నాటికి క్వాలిఫయింగ్‌లో అది 1,300 హార్స్‌పవర్ దాటిందని అంచనా. మాయ అంతా టర్బోదే. గాలిని పీల్చుకోమని వదిలేయకుండా, ఒత్తిడి పెట్టి లోపలికి తోసేవారు.

దాంతో రూల్ మారింది. 1987లో టర్బో ఒత్తిడికి 4 బార్ పరిమితి, 1988లో 2.5 బార్. 1989లో టర్బోలనే తీసేశారు. తమాషా ఏంటంటే, ఒత్తిడిని అంతగా కోసిన 1988లో కూడా మెక్‌లారెన్-హోండా టర్బో కారు 16 రేసుల్లో 15 గెలిచింది. రూల్ అందరికీ ఒకటే, దాన్ని చదివే బుర్రలు ఒకటి కావు!

ఆ తర్వాత కథ తొందరగా చెప్పుకుందాం. 2005లో 3 లీటర్ల వీ10, 2006 నుంచి 2.4 లీటర్ల వీ8, 2014 నుంచి 1.6 లీటర్ల వీ6 టర్బో హైబ్రిడ్. సైజు దాదాపు సగమైంది. పవర్ మాత్రం చివరికి వెయ్యి హార్స్‌పవర్ దగ్గరికి చేరింది. ఈసారి తాళం పెట్రోల్ మీద వేశారు, గంటకు 100 కిలోలకు మించి ప్రవహించకూడదని. 2026 రూల్స్‌లో కరెంటు మోటార్ వాటా 120 నుంచి 350 కిలోవాట్లకు పెరిగింది. ఇంజిన్ వాటా 400 కిలోవాట్ల దగ్గరకు తగ్గింది. అంటే ఫార్ములా వన్ కారు పవర్‌లో దాదాపు సగానికి ఇక సీసీతో సంబంధమే లేదు.

నెక్లెస్ రోడ్డు మీద సున్నా సీసీ

అసలు సీసీయే లేని రేస్ మన హైదరాబాద్‌లోనే జరిగింది కదా. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ. 2022 చివర్లో అదే రోడ్ల మీద పరుగెత్తిన ఇండియన్ రేసింగ్ లీగ్ కార్లలో దాదాపు 1,100 సీసీ అప్రిలియా ఇంజిన్ ఉండేది, పవర్ 220 హార్స్‌పవర్. ఫార్ములా ఈ కారుకి ఇంజినే లేదు. కానీ గరిష్ఠ పవర్ 350 కిలోవాట్లు, అంటే 470 హార్స్‌పవర్. అది కూడా ఎప్పుడుపడితే అప్పుడు వాడకూడదు. రేసులో 300 కిలోవాట్లే. అటాక్ మోడ్ తీసుకున్నప్పుడు కాసేపు 350. రేసు మొత్తానికి ఇంత కరెంటే అని రేషన్ కూడా ఉంటుంది. ఆ రోజు చివరి ల్యాపుల్లో వెనకే తరుముతున్న నిక్ కాసిడీ కంటే జాన్ ఎరిక్ వెర్న్ దగ్గర తక్కువ కరెంట్ మిగిలింది. అయినా దారివ్వకుండా కాచుకుని గెలిచాడు. రెండో ఏడాది రేస్ రద్దవడం, ఏసీబీ కేసు, రాజకీయ రచ్చ.. అది వేరే కథ. టెక్నికల్‌గా ఆ రేస్ చూపించింది మాత్రం ఇదే. పవర్‌కి గీత గీసేది రూల్, ఆ గీత లోపల ఎవరు పొదుపుగా వాడితే వాళ్లదే గెలుపు.

రూల్‌ని బట్టి ఇంజిన్ తయారవడం రేసులకే పరిమితం అనుకోకండి. మన కార్లు 1,197, 1,199 సీసీ దగ్గరే ఎందుకు ఆగుతాయో ఎప్పుడైనా ఆలోచించారా..? 4 మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిన్ ఉన్న కారుకి తక్కువ పన్ను. 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 18 శాతం, దాటితే 40 శాతం. బైకులకు అదే గీత 350 సీసీ. ప్లాట్ కొలతలు, సెట్‌బ్యాక్ చూసి ఇల్లు ప్లాన్ గీసినట్టు, కంపెనీలు పన్ను చూసి ఇంజిన్ గీస్తాయి.

ఓఆర్ఆర్‌కి ఏ రూల్‌బుక్..?

ఇప్పుడు మళ్లీ మేడ్చల్ ఎగ్జిట్ దగ్గరికి వద్దాం. చిన్న ఇంజిన్ నుంచి పెద్ద పవర్ వస్తుందని తెలిశాక కొందరు కుర్రాళ్లు చేసే పని ఈసీయూ రీమ్యాప్. టర్బో కారైతే సాఫ్ట్‌వేర్ మార్చి ఒత్తిడి పెంచుతారు. పవర్ నిజంగానే పెరుగుతుంది, అబద్ధం కాదు. కానీ బ్రేకులు, టైర్లు, గేర్‌బాక్స్ పాత పవర్‌కి లెక్కేసి పెట్టినవే. రేస్ కారులో పవర్ పెంచేముందు ఇవన్నీ మారుస్తారు, డ్రైవర్ చుట్టూ రోల్ కేజ్ ఉంటుంది, ఎదురుగా లారీ ఉండదు.

ఓఆర్ఆర్ మీద స్పీడ్ లిమిట్ 120. దాన్ని 160కి తీసుకెళ్తే వేగం మూడో వంతే పెరిగినట్టు కనిపిస్తుంది. ఢీకొట్టే శక్తి మాత్రం 78 శాతం పెరుగుతుంది. చట్టం సంగతికొస్తే, అనుమతి లేకుండా రోడ్డు మీద రేస్ పెడితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 కింద మూడు నెలల వరకు జైలు, 5,000 జరిమానా. రెండోసారి దొరికితే ఏడాది వరకు జైలు. బండి నడిపింది మైనర్ అయితే సెక్షన్ 199ఏ కింద తల్లిదండ్రులకు లేదా బండి ఓనర్‌కి మూడేళ్ల వరకు జైలు, 25,000 జరిమానా. కీ ఇచ్చే ముందు నాన్నలు ఈ నంబర్ ఒకసారి చదువుకుంటే మంచిది.

మరి నిజంగా రేసింగ్ నేర్చుకోవాలంటే..? దాదాపు అందరూ కార్టింగ్‌తోనే మొదలుపెడతారు. సీసీ లెక్క ఎంత తప్పో అక్కడ మొదటి రోజే తెలిసిపోతుంది. వీకెండ్‌లో అద్దెకిచ్చే కార్టుల్లో సాధారణంగా ఉండే 270 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ పవర్ 8, 9 హార్స్‌పవరే. పోటీల్లో వాడే రోటాక్స్ కార్ట్ ఇంజిన్ 125 సీసీ టూ స్ట్రోక్, సీనియర్ క్లాసులో 30 హార్స్‌పవర్. అదే 125 సీసీ ఇంజిన్‌ని జూనియర్లకు 23కి తగ్గించి ఇస్తారు, ఇంకా చిన్న పిల్లలకు రెస్ట్రిక్టర్ పెట్టి ఇంకా తగ్గిస్తారు. వయసు పెరిగేకొద్దీ ఇంజిన్ మారదు, తాళం ఒక్కొక్కటిగా తీస్తారు. పోటీల్లో దిగాలంటే మన దేశ మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య ఎఫ్ఎంఎస్‌సీఐ లైసెన్స్ తీసుకోవాలి.

ఇంజినీరింగ్ పిల్లలకైతే ఇప్పుడు ఇంకో దారీ ఉంది. ఫార్ములా స్టూడెంట్‌లో ఎలక్ట్రిక్ కార్ల విభాగంలో రెస్ట్రిక్టర్ గొడవ లేదు. బ్యాటరీ నుంచి 80 కిలోవాట్లకు మించి లాగకూడదు, వోల్టేజ్ 600 దాటకూడదు, అంతే. 80 కిలోవాట్లంటే 107 హార్స్‌పవర్, 20 మిల్లీమీటర్ల రంధ్రం నుంచి వచ్చేదానికంటే ఎక్కువ. కాకపోతే బ్యాటరీ ఖర్చు పెట్రోల్ ఇంజిన్‌ని మించిపోతుంది. 22 కిలోమీటర్ల ఎండ్యూరెన్స్ రేసు మొత్తం ఆ బ్యాటరీ చార్జింగ్ అయిపోకుండా నడవాలి. వెయ్యి మార్కుల్లో అన్నిటికంటే పెద్ద వాటా దానిదే. పవర్ చూపించుకునే యాక్సిలరేషన్ పరుగు మాత్రం 75 మీటర్లే.