మార్కులు ఆటకే, మనకు కాదు

2010లో వచ్చిన ‘డెడ్లీ ప్రిమొనిషన్’ అనే జపాన్ వీడియో గేమ్‌కు అమెరికాలో ఐజీఎన్ పదికి 2 మార్కులే వేసింది. డిస్ట్రక్టాయిడ్ పదికి పది ఇచ్చింది. బొమ్మలు నాసిగా ఉన్నాయన్నదీ నిజమే, ఎఫ్‌బీఐ అధికారి యార్క్ కథ మనసుకు హత్తుకుంటుందన్నదీ నిజమే.

నచ్చిన ఆటను తిడితే మనల్నే తిట్టినట్లు మనసు చివుక్కుమంటుంది. అది సహజం. కానీ ఆ కోపంతో నిద్ర మానుకొని సమీక్షకుడిని దూషించడం ఆరోగ్యం కాదని మా అభిప్రాయం. లోపాన్ని ఒప్పుకుందాం, ఎందుకు నచ్చిందో నెమ్మదిగా చెబుదాం, వేళకు పడుకుందాం.

తల్లిదండ్రులకు ఒక మనవి: పిల్లలు ఇలా బాధపడుతుంటే “ఆటేగా!” అని కొట్టిపారేయకండి. పక్కన కూర్చుని, అందులో ఏం నచ్చిందో అడగండి. సగం బరువు అక్కడే దిగుతుంది.