లూప్ స్విచ్చర్: అందరికీ అవసరమా?
మొన్న ఆఫీస్ ఈవెంట్‌లో చరణం అయ్యి పల్లవిలోకి వచ్చేటప్పుడు డిలే ఆఫ్, కోరస్ ఆఫ్, డ్రైవ్ ఆన్ చేయాలి. మూడింట్లో రెండే తొక్కగలిగా. పల్లవి మొత్తం డిలేలో కొట్టుకుపోయింది.

అప్పుడే లూప్ స్విచ్చర్ల మీద పడ్డాను. దీని పని సింపుల్. ప్రతి పెడల్‌కి ఒక సెండ్, ఒక రిటర్న్. లూప్ ఆఫ్ చేస్తే ఆ పెడల్, దాని కేబుల్స్ సిగ్నల్ దారిలోనే ఉండవు. కోడ్‌లో ఒక లైన్‌ని కామెంట్ చేసినట్టే. కానీ మామూలు స్విచ్చర్‌లో ఒక్కో లూప్‌కి ఒక్కో స్విచ్, అంటే నా సమస్య తీరదు. బాస్ ఈఎస్-8 లాంటి ప్రోగ్రామబుల్ మోడల్ అయితే 8 లూప్స్‌నీ ఒకే తొక్కుతో మార్చేస్తుంది.

మరి అందరూ కొనాలా? నా దృష్టిలో అక్కర్లేదు. రెండు మూడు పెడల్సే ఉంటే ఆ డబ్బుతో ముందు మంచి ఐసోలేటెడ్ పవర్ సప్లై తీసుకోండి. పవర్ నుంచి వచ్చే హమ్‌ని స్విచ్చర్ ఆపలేదు. పైగా లూప్‌కి రెండు చొప్పున ప్యాచ్ కేబుల్స్ ఖర్చు కూడా లెక్కేసుకోండి.

నేను మాత్రం కొంటున్నా. పెడల్స్ ఆరు, కాళ్లు రెండే కదా!