పీచు మిఠాయికి 15,000 వోల్టులు!

శివరాత్రికి చేబ్రోలు గుళ్ల దగ్గర పీచు మిఠాయి బండి చూడగానే ఆగిపోయా. కరిగిన చక్కెర గిర్రున తిరిగి దారాలవుతుంటే, రీసెర్చ్ చేస్తున్న మా పిన్ని కూతురు అంది: "నా ల్యాబ్‌లోనూ ఇదే అన్నయ్యా. కాకపోతే అక్కడ దారం లాగేది మోటారు కాదు, కరెంటు!"

దాని పేరు ఎలక్ట్రోస్పిన్నింగ్. ఆల్కహాల్‌లో పాలిమర్, టైటానియం రసాయనం కలిపి సిరంజిలో పోస్తారు. సూదికి సుమారు 15,000 వోల్టులు ఇస్తే, కొన మీది చుక్క శంకువులా సాగి, సన్నటి ధారగా మారి, కొరడాలా మెలికలు తిరుగుతూ ఎదురుగా ఉన్న ఫాయిల్ మీద పడుతుంది. తర్వాత ఫర్నేస్‌లో 500 డిగ్రీలు. పాలిమర్ కాలిపోయి టైటానియం ఆక్సైడ్ దారం మిగులుతుంది. మందం 100 నానోమీటర్ల దరిదాపుల్లో. మన జుట్టు దానికి కొన్ని వందల రెట్లు లావు! ఈ రంగంలో ప్రపంచానికి తెలిసిన పేరు, ఆంధ్రా యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదివిన సింగపూర్ ప్రొఫెసర్ సీరం రామకృష్ణ.

మరి వీటిని చూసేదెలా? కంటికి కనిపించే వెలుగు తరంగమే 400 నుంచి 700 నానోమీటర్లు. మామూలు మైక్రోస్కోప్ చాలదు. అందుకే ఎలక్ట్రాన్లతో చూసే 'సెమ్'. ఈ ఆక్సైడ్‌లో కరెంటు సరిగ్గా పారదు. ఎలక్ట్రాన్లు పేరుకుపోయి ఫొటో చెడుతుంది. అందుకని ముందు పలుచటి బంగారు పూత వేస్తారు.

ఇంటికెళ్లాక ల్యాప్‌టాప్‌లో ఒక ఫొటో చూపించింది. సేమ్యా పరిచినట్టు ఎంత నీట్‌గా ఉందో! పక్క ఫొటోలో మాత్రం దారాల నిండా పూసలు, ఉండలు.

"రెండూ ఒకే ఫాయిల్‌వి. పేపర్‌లో ఏది పెట్టను?"

మంచిదే పెట్టమనబోయా. డెమో రోజున పనిచేసే స్క్రీన్ మాత్రమే చూపించే బాపతు కదా మనం! తనే అంది: "ఆ ఒక్క ఫొటో నమ్మి ఇంకెవరో ఆర్నెల్లు పోగొట్టుకుంటారేమో."

ఆ రాత్రి చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాశా. ఎక్కడ కొలవాలో మేం కాదు, అదే ర్యాండమ్‌గా ఎంచింది. 100 దారాలు కొలిచాం. సగటు తను ఆశించినదానికంటే ఎక్కువొచ్చింది. మొహం చిన్నబోయింది. అయినా రెండు ఫొటోలూ, సగటూ, హెచ్చుతగ్గులూ అన్నీ పెట్టింది. ద్రావణం పలచబడితే పూసలొస్తాయట. ఈసారి పాలిమర్ పెంచి చూస్తుంది.

మీ ఫీడ్‌లో అందమైన నానో ఫొటో కనిపిస్తే, లైక్ కొట్టే ముందు ఒక్కటి చూడండి: ఎన్ని దారాలు కొలిచారు?